దాదా సద్రీ

మా ఇంట్లో పాత ఇనప పెట్టె ఒకటుంది. మా దాదీ దాన్ని సందూఖ్ అనేది. వీధికవతల ఇంట్లో ఉండే మామ్మగారు తన పెట్టెను సందుగ అనేవారు. రెండూ ఒకే మాటని మాకు చాలాకాలం తెలియదు. తెలిసి, చెబుదామనుకునేసరికి మామ్మగారూ లేరు, దాదీ కూడా లేదు.

ఆ పెట్టెలో ఎండిన వేపాకుల మధ్య, కలరా ఉండల వాసనలో మా దాదా పెళ్లినాటి సద్రీ ఉంది. సద్రీ అంటే చేతుల్లేని పొట్టి కోటు. ఇంగ్లీషు చదువులవాళ్లు వాస్కోటు అంటారు. నల్ల ముఖమల్ గుడ్డ. గుండీల పట్టీకి రెండు పక్కలా కింది నుంచి మెడదాకా పాకిన తీగ. తీగకు ఎర్ర పూలు, పచ్చటి ఆకులు. జేబుల అంచున చిన్న చిన్న బూటీలు. లోపల అస్తరు చీరాల నేతగుడ్డ. అస్తరుకీ ముఖమల్‌కీ మధ్య పల్చగా పరిచిన దూది. పెళ్లికొడుకు జోడా ఆడపిల్లవాళ్లు పంపటం మాలో ఆనవాయితీ. ఆ లెక్కన ఈ పూలు మా దాదీ పుట్టింటి ఆడవాళ్లు కుట్టినవి.

మా దాదా గుంటూరులో ఒక మిర్చి కమీషను కొట్లో కాటా గుమాస్తా. జుమ్మా రోజున, పండగలకీ, చలికాలం పొద్దున్నే యార్డుకు పోయేటప్పుడూ తెల్ల లాల్చీ మీద ఈ సద్రీ వేసుకునేవాడు. మిరపకోరు పడితే తడిగుడ్డతో తుడుచుకునేవాడు. యార్డులో ఆయన్ని పేరుతో పిలిచినవాళ్లు తక్కువ. పూలకోటు సాయిబు అనేవారు. ఆ పిలుపులో వెక్కిరింత ఉండేది కాదు.

1992 డిసెంబరులో మేము ఆరో తరగతి. బాబ్రీ మసీదు కూలగొట్టిన తర్వాతి శుక్రవారం దాదా సద్రీ మడిచి పెట్టెలో పెట్టేశాడు. మామూలు చొక్కా వేసుకుని బయల్దేరాడు. ఎందుకు దాదా అని అడిగితే, "చలి తగ్గింది బేటా" అన్నాడు. డిసెంబరులో చలి తగ్గటమేమిటో మాకు అర్థం కాలేదు. ఆయన బతికినన్నాళ్లూ ఆ సద్రీ మళ్లీ వేసుకోలేదు. గుంటూరులో ఆయన్ని ఎవరూ ఏమీ అనలేదు. అనకుండానే ఒక మనిషి తన ఒంటిమీది పూలను తనే దాచుకున్నాడు.

చాలా ఏళ్ల తర్వాత ఆ సద్రీ ఫొటో చూసిన సాటి జర్నలిస్టు ఒకాయన, మంచివాడే, లౌకికవాదే, "బాగుంది, మీ అరబ్బు డ్రెస్సా?" అన్నాడు. ఆ మాట మమ్మల్ని కదిపింది. సరే, ఈ పూలెక్కడివో చూద్దామనుకున్నాం. బీయేలో చదివిన చరిత్రా, ఇటు తెలుగూ అటు ఉర్దూ రెండు భాషల పేపర్లలో పనిచేసిన అనుభవమూ కాస్త ఉపయోగపడ్డాయి.

మాట దగ్గర మొదలుపెడదాం. సద్ర్ అంటే అరబ్బీలో ఛాతీ. ఛాతీని కప్పేది సద్రీ. మాట అరబ్బీదే, ఒప్పుకుంటాం. మరి వాస్కోటు ఎక్కడిది? 1666 అక్టోబరులో ఇంగ్లండు రాజు రెండో ఛార్లెస్ తన దర్బారులో కొత్త దుస్తు ప్రవేశపెట్టాడు. పైకోటు కింద తొడిగే పొడుగాటి లోకోటు అది. ఆ నెలలోనే జాన్ ఎవెలిన్ అనే పెద్దమనిషి తన డైరీలో దాన్ని పారశీక పద్ధతి దుస్తు అని రాసుకున్నాడు. అది తర్వాత్తర్వాత కురచై, చేతులు పోయి, వాస్కోటు అయింది. దాన్నే ఇంగ్లీషు దొరలు మళ్లీ మన దేశానికి తెచ్చారు. మన ప్లీడర్లు, హెడ్మాస్టర్లు నల్లకోటు లోపల తొడుక్కున్నారు. ప్లీడరుగారి వాస్కోటు నాగరికత, దాదా సద్రీ పరాయితనం! ఇద్దరి గుడ్డకూ చుట్టరికం ఇరాన్‌తోనే. ఒకరిది లండను మీదుగా చుట్టుతిరిగి వచ్చింది, ఇంకొకరిది నేరుగా వచ్చింది. అంతే తేడా.

నేరుగా ఎలా వచ్చింది? దానికి మన సముద్రతీరాన్ని చూడాలి.

చీరాలకు దక్షిణాన చినగంజాం దగ్గర మోటుపల్లి ఉంది. ఇవాళ చిన్న పల్లె. కాకతీయ గణపతిదేవుడు 1244లో అక్కడ అభయ శాసనం వేయించాడు. సముద్రం మీద వచ్చే వర్తకుల సరుకు దోచుకోబోమని, సుంకం ఇంతే తీసుకుంటామని దాని సారాంశం. ఆ శతాబ్దం చివర ఇటు వచ్చిన మార్కోపోలో ఇక్కడి గుడ్డను సాలెగూడంత సన్నదని పొగిడాడు. గోల్కొండ ఇంకా కుతుబ్‌షాహీల చేతికి రాకముందు మాట ఇది. మన నేతగాడి గుడ్డకు పరదేశపు గిరాకీ ముసల్మాను రాజులు వచ్చాక పుట్టింది కాదు. వాళ్లు వచ్చాక పెరిగింది.

కొండవీడు కుతుబ్‌షాహీల కిందికి వచ్చాక ముర్తజానగర్ అయింది. ఇరాన్‌తో వాళ్లకు మతపరంగానూ చుట్టరికాల పరంగానూ దగ్గరితనం. బందరు రేవు నుంచి పారశీక తీరానికి ఓడలు నడిచాయి. బందరుకు దిగువన మన గుంటూరు తీరంలో నిజాంపట్నం ఉంది. 2022 నుంచి అది బాపట్ల జిల్లా. పెద్దపల్లి అన్న దాని పాత పేరును పరదేశీయులు పెటపోలి అని పలికారు. డచ్చివాళ్లు 1606లో అక్కడ కొట్టు పెట్టారు. ఇంగ్లీషు కంపెనీ గ్లోబ్ అనే ఓడ 1611 ఆగస్టులో అక్కడ లంగరేసి, తర్వాత బందరు వెళ్లింది. వాళ్లొచ్చింది గుడ్డ కోసం. ఆ గుడ్డకు పేరు తెచ్చింది ఎరుపు రంగు. ఆ ఎరుపు ఇచ్చింది ఇసక నేలల్లో పెరిగే చిరివేరు.

ఆ పూలగుడ్డనే మనం కలంకారీ అంటాం. కలం పారశీకం, కారీ పారశీకం. పని మాత్రం తెలుగు చేతులది. గుడ్డను కరక్కాయ రసంలోనూ గేదెపాలలోనూ తడిపి ఆరేస్తారు. బొమ్మ గీసిన కాగితానికి గీతల వెంట సూదితో బెజ్జాలు పొడిచి, గుడ్డ మీద పరిచి, బొగ్గుపొడి మూట అద్దుతారు. పొడి బెజ్జాల్లోంచి దిగి గుడ్డ మీద పువ్వు అచ్చు పడుతుంది. తుప్పుపట్టిన ఇనుమూ బెల్లమూ నానేసిన నీళ్లతో నల్లగీత. ఎర్రన కావాల్సిన చోట పటిక నీళ్లు. తర్వాత చిరివేరుతో కాగబెడితే పటిక పడినచోటే ఎరుపు పట్టుకుంటుంది. నీలం అక్కర్లేనిచోట మైనం పూసి నీలిమందులో ముంచుతారు. కలంతో గీయడం నిదానమైన పని కాబట్టి బందరు వైపు టేకు అచ్చుల అద్దకం నిలబడింది. కాళహస్తి కలంకారీలో రామాయణ భారతాల కథలుంటే, బందరు కలంకారీలో తీగలూ పూలూ ఉంటాయి. పారశీకులకు నమాజు గుడ్డలూ పరదాలూ కావాలి, వాటి మీద ప్రాణుల బొమ్మలు పనికిరావు. ఆ బేరం కోసం మన పనివాళ్లు, హిందువులూ ముసల్మాన్లూ కూడా, పూలలో నేర్పరులయ్యారు.

ఆ పువ్వు ఏ దేశానిది? అక్కడే ఉంది తమాషా. జహంగీరు 1620లో కశ్మీరు పూలు చూసి మురిసిపోయి మన్సూర్ చేత బొమ్మలు వేయించాడు. ఆ కాలపు మొగలు చిత్రకారులు యూరపు నుంచి వచ్చిన మొక్కల పుస్తకాల్లోని బొమ్మలు కూడా చూశారు. ఒంటి కాడకు ఒంటి పువ్వుగా అది తాజ్‌మహల్ గోడలకూ ఎక్కింది, నడుముకు కట్టే పట్కాల కొంగులకూ ఎక్కింది. దక్కనీ చిత్రాల్లో చూడండి, మగవాళ్ల నడుముల మీద పూలే పూలు. 1643లో లండనులోని కంపెనీ పెద్దలు సూరతుకు ఉత్తరం రాశారు. ఎర్రటి నేల మీద పూలున్న దుప్పట్లు ఇక్కడ అంతగా పోవడం లేదు, తెల్ల నేల మీద రంగురంగుల కొమ్మలూ పూలూ వేయించండి అని. బేరం అటు తిరిగింది. తర్వాత వాళ్ల నమూనాలే ఇక్కడికి వచ్చాయి. వాటిని చూసి మన కలంవాడు తన పద్ధతిలో మార్చి గీశాడు. అందులో పారశీకపు కాడ ఉంది, చీనా రేకుంది, ఇంగ్లీషు ఆకుంది, మన మామిడి పిందె ఉంది. ఏ తోటలోనూ పూయని పువ్వు అది. కోరమాండల్ తీరంలో మాత్రం పూసింది.

ఆ గుడ్డతో యూరపు మగవాళ్లు ఇంట్లో తొడుక్కునే పొడుగు గౌన్లు కుట్టించుకున్నారు. ఆ గౌనుకు వాళ్లు పెట్టిన పేరు బనియన్. బనియా అనే వర్తకుడి పేరు మీద వచ్చిన మాట. ఇవాళ మనం చొక్కా లోపల తొడుక్కునే బనీను అదే మాట. మన పూలగుడ్డ అక్కడి నేతగాళ్ల కడుపు కొడుతోందని గోల లేచింది. ఫ్రాన్సు 1686లో నిషేధించింది, 1759దాకా ఎత్తలేదు. ఇంగ్లండు 1700లో ఒక చట్టం, 1721లో ఇంకా కఠినమైనది ఇంకొకటి చేసింది. ఒక పువ్వును ఆపటానికి రెండు రాజ్యాలు చట్టాలు చేశాయి. ఆ పువ్వు గీసినవాళ్లలో ఒక్కరి పేరూ చరిత్రకెక్కలేదు.

ఇక సూది సంగతి. 18వ శతాబ్దంలో ఫ్రాన్సులో, ఇంగ్లండులో మగవాళ్ల వాస్కోట్ల నిండా పూలు కుట్టేవాళ్లు. గుడ్డను ముందు కత్తిరించేవాళ్లు కాదు. వాస్కోటు ఆకారం గుడ్డ మీద గీసి, ఆ గీత లోపల తీగా పూలూ కుట్టి, జేబు మూతలూ గుండీలూ కూడా పక్కనే కుట్టి అమ్మేవాళ్లు. కొనుక్కున్నవాడు తన కొలతకు దర్జీ చేత కత్తిరించుకునేవాడు. ఆ శతాబ్దం మధ్యలో అక్కడికి కొత్త పనొకటి వచ్చింది. గుడ్డను డప్పులా చట్రానికి బిగించి, కొక్కెం ఉన్న సూదితో గొలుసుకుట్టు కుట్టడం. పారిస్‌లో 1770లో అచ్చయిన కుట్టుపని పుస్తకం ఆ పని తూర్పు నుంచి ఇటీవలే తమకు వచ్చిందని చెబుతుంది. అలాంటి పని కచ్‌లో, గుజరాత్‌లో మోచీలు ఎప్పటినుంచో చేస్తున్నారు. మోచీలంటే చెప్పులు కుట్టేవాళ్లు. తోలు మీద నడిచిన కొక్కెం పట్టు మీదికి వచ్చింది. దాని పేరు ఆరీ.

ఇక్కడ మేము ఆగిపోయాం. మన పల్నాడులో, ఒంగోలు సీమలో మాదిగవాడల్లో తోలు కుట్టే పనిముట్టు పేరేమిటి? ఆరె. ఆరీ, ఆరె రెండూ ఒకే తల్లి బిడ్డలు. సంస్కృతంలో ఆరా అంటే తోలును పొడిచే సూది. లాల్ ముఖమల్ మీద నవాబుల కోసం పూలు పూయించిన సూదీ, ఊరి చివర చెప్పు కుట్టిన సూదీ ఒకటే. దొరలు ఆ సూదిని పారిస్ దాకా తీసుకుపోయారు. మన ఊళ్లో మాత్రం దాన్ని పట్టిన చేతిని అంటరానిదన్నారు. పిరదౌసి మీద కావ్యం రాసిన జాషువా వినుకొండవాడు కావటంలో ఆశ్చర్యమేమీ లేదనిపించింది మాకు.

సద్రీ లోపలి దూది సంగతి కూడా చెప్పాలి. గుంటూరు, ప్రకాశం నల్లరేగడి పత్తి నేల. పత్తిని ఏకి దూది చేసినవాళ్లు దూదేకులవాళ్లు. పింజారీలు, నూర్‌బాషాలు అనీ అంటారు. భుజాన విల్లు వేసుకుని ఊరూరూ తిరిగి పరుపులూ బొంతలూ నింపినవాళ్లు. ఉర్దూ రాదని కొందరు ముసల్మాన్లు వాళ్లను తక్కువ చూశారు. సాయిబులని కొందరు హిందువులు దూరం పెట్టారు. సర్కారు వాళ్లను బీసీ బీ కింద రాసుకుంది. బుర్రకథతో ఆంధ్రదేశాన్ని ఊపేసిన పద్మశ్రీ షేక్ నాజర్ గుంటూరు జిల్లా పొన్నెకల్లు దూదేకుల బిడ్డే. ఆయన ఆత్మకథ పేరు పింజారి. తిట్టుగా వాడిన మాటనే తలకెత్తుకుని పుస్తకానికి పేరు పెట్టుకున్నాడు. మా దాదా సద్రీ మీది పూలకు ఉర్దూ తెలుసేమో గాని, లోపలి దూదికి వచ్చింది తెలుగే. మేము ఉర్దూవాళ్లం. మా తప్పు కూడా ఇక్కడ చెప్పుకోవాలి. పైన పూలనే చూసుకున్నాం, ఒంటికి వెచ్చదనమిచ్చిన దూదిని మరిచిపోయాం.

మరి మగవాడి ఛాతీ మీది పూలు ఎటు పోయాయి? ఫ్రెంచి విప్లవం తర్వాత యూరపు మగవాడు నల్లకోటులో దూరాడు. పూలు, రంగులు, జిలుగులు ఆడవాళ్ల సరుకని తీర్మానించాడు. కంపెనీ రాజ్యంతో ఆ తీర్మానం ఇక్కడికీ వచ్చింది. గుంటూరు సర్కారును ఏలిన బసాలత్ జంగ్ 1782లో చనిపోయాడు. 1788లో ఆ సీమ ఇంగ్లీషువాళ్ల పరమైంది. జరీ, ముఖమల్ కొని కట్టే దర్బారీ కొలువులు సన్నగిల్లాయి. కచేరీకి పోయేవాడు తెల్లగా, సాదాగా పోవాలి. తర్వాత జర్మనీ ప్రయోగశాలలో తయారైన అలిజరిన్ వచ్చి చిరివేరును కూడా తోసేసింది. ఆ రంగుతోనే చీరాల సాలెలు నూనెలో నానేసిన నూలుతో తేలియా రుమాళ్లు నేసి అరబ్బు దేశాలకు పంపారు. అరబ్బు డ్రెస్సు అన్న మిత్రుడికి ఈ మాట చెప్పాలి. అరబ్బువాడు తలకు చుట్టుకున్నది మన చీరాల గుడ్డ! ఆ నేత చీరాలలో సన్నగిల్లింది. నల్లగొండ వైపు పుట్టపాకలో బతికింది.

మగవాడి పూలు చివరకు ఆడవాళ్ల జాకెట్టు మీదికి చేరాయి. జాకెట్టు అన్న మాట చూడండి. ఇంగ్లీషులో అది మగవాడి పొట్టికోటు. తెలుగులో ఆడవాళ్ల రవిక. పేరూ పూలూ రెండూ వలసపోయాయి. ఇవాళ ఏ పెళ్లికి వెళ్లినా పెళ్లికూతురి జాకెట్టు మీద మగ్గం వర్కు ఉండాల్సిందే. మగ్గం అన్నారు గాని అది నేత మగ్గం కాదు. గుడ్డను నాలుగువైపులా లాగి కట్టే కొయ్య చట్రం. ఉర్దూలో కార్చోబ్. దాని ముందు నేల మీద కూచుని, పైచేత్తో ఆరీ పొడిచి, అడుగుచేత్తో దారం అందిస్తారు. బొమ్మ కాగితాన్ని ఖాకా అంటారు. గీతల వెంట బెజ్జాలు, బెజ్జాల మీద కిరసనాయిల్‌లో కలిపిన తెల్లపొడి. బందరు కలంవాడి బొగ్గుపొడి మూట గుర్తొచ్చిందా? మూడు నాలుగు వందల ఏళ్లుగా అదే పద్ధతి. గుడ్డను ముందు కత్తిరించరు, పారిస్ వాస్కోటు మాదిరే. కుట్టాక దర్జీకి ఇస్తారు.

ఈ పని చేసేవాళ్లలో చాలామంది మావాళ్లు. చదువు మధ్యలో ఆగిపోయిన కుర్రాళ్లు, గడప దాటి కూలికి పోలేని ఆడవాళ్లు. పువ్వుకింత అని కూలి. చూపు తగ్గుతుంది, నడుం పడిపోతుంది. పెళ్లిళ్ల కాలం అయిపోతే పని లేదు. పైగా కంప్యూటరు మిషన్లు ఒక రాత్రిలో వంద జాకెట్లు కుడుతున్నాయి. పెళ్లికూతురు పీటల మీద కూచున్నప్పుడు ఆమె చేతుల మీది పూలు సాయిబుల పిల్ల కుట్టిందని ఎవరికీ గుర్తుండదు. గుర్తుండాలని మేము కోరడం లేదు. కానీ అదే వీధిలో ఆ పిల్లకు ఇల్లు అద్దెకు అడిగినప్పుడు పేరు విని తలుపు వేసుకోవద్దంటున్నాం.

మా దాదా జీవితమంతా మిరపకాయ తూచాడు. మిరపకాయ ఎక్కడిది? అమెరికా ఖండం నుంచి పోర్చుగీసువాళ్లు 16వ శతాబ్దంలో తెచ్చింది. ఇవాళ గుంటూరు కారమంటే తెలుగువాడి పౌరుషం. పొలాల్లో తెల్లగా విచ్చుకునే పొడుగు పింజె పత్తి కూడా అమెరికా జాతిదే. వాటినెవరూ ఎప్పుడొచ్చావు, ఎప్పుడు పోతావు అని అడగరు. రుచి పెట్టాయి, డబ్బు పెట్టాయి, మనవైపోయాయి. తెలుగువాడి నోట్లో గులాబీ పువ్వుంది, జేబుంది, గుండీ ఉంది, రుమాలుంది, దర్జీ ఉన్నాడు. ఆ మాటలు తెచ్చినవాడి మనవణ్ణి మాత్రం ఇంకా అడుగుతూనే ఉన్నారు, తెలుగు ఇంత బాగా ఎలా వచ్చిందని.

మొన్న చలికాలం సద్రీని గుంటూరులో కార్చోబ్ పనిచేసే ఒక కుర్రాడి దగ్గరకు తీసుకెళ్లాం. ఎడమ జేబు దగ్గర రెండు పూలు ఊడిపోయాయి. అతను ముందువైపు చూడనే లేదు. తిరగేసి, అస్తరు ఊడదీసి వెనకవైపు చూశాడు. పని మంచిచెడ్డలు అక్కడే తెలుస్తాయట. చాలాసేపు చూసి, "దీన్ని ఒక మనిషి కుట్టలేదు సార్. కుడివైపు కుట్టిన చెయ్యి వేరు, ఎడమవైపు చెయ్యి వేరు. ఎడమవైపు మనిషి కొత్తగా నేర్చుకుంటున్నట్టుంది. ముడులు పెద్దవి" అన్నాడు.

పెళ్లినాటికి మా దాదీకి పద్నాలుగేళ్లు. నిఖాకి ముందు పెళ్లికొడుకును చూడనే లేదని చెప్పేది. ఆ పెద్ద ముడులు ఆమెవేనేమో. అడగడానికి ఎవరూ లేరు. ఊడిన పూలు కొత్తగా కుట్టమని, ముడులు మాత్రం విప్పవద్దని చెప్పాం.

సద్రీ తిరిగి వచ్చిన వారం జుమ్మా రోజున తెల్ల లాల్చీ మీద వేసుకున్నాం. దాదా సన్నటి మనిషి. మాకు పై రెండు గుండీలు పట్టలేదు. అట్లాగే వేసుకుని, నమాజుకు వెళ్లి, అటునుంచి అటే కూరగాయల బజారుకు వెళ్లాం. చలి బాగానే ఉంది.